బడి దాటాక వెబ్ చదువు: పోచంపల్లి నుంచి గద్వాల దాకా

బడి, కాలేజీ ముగిశాక, బతుకుతెరువు సాగుతుండగానే మళ్ళీ నేర్చుకునే చదువును నిరంతర విద్య అంటారు. ఒకప్పుడు ఆ మాటకు రాత్రి బడి, వయోజన అక్షరాస్యతా కేంద్రం గుర్తొచ్చేవి. ఇప్పుడు అందులో పెద్ద భాగం వెబ్ సాంకేతికతకూ, ఆన్‌లైన్ వ్యాపారానికీ పోతోంది. ఈ విద్య తొందరగా పాతబడుతుంది. తాత దగ్గర నేర్చిన నేతపని మనవడి కాలానికీ పనికొస్తుంది. ఆన్‌లైన్ అమ్మకంలో మాత్రం నిన్న నేర్చుకున్న పన్ను నియమం, ఫోటో కొలత, చెల్లింపు పద్ధతి రెండు మూడేళ్ళలో మారిపోతాయి. అందుకే ఇక్కడ ఒక్క కోర్సుతో చదువు అయిపోదు.

దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో ఈ సంగతి చూడటానికి రెండు కారణాలున్నాయి. మొదటిది చదువు వెనుకబాటు. 2011 జనాభా లెక్కల్లో నల్గొండ జిల్లా అక్షరాస్యత 64 శాతం. మహబూబ్‌నగర్‌ది 55 శాతమే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల్లోనూ అట్టడుగు. రెండోది అమ్మకానికి పెట్టదగిన సరుకు. పాత నల్గొండ జిల్లాలో పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, గట్టుప్పల్, పాత మహబూబ్‌నగర్‌లో నారాయణపేట, గద్వాల, రాజోలి పేరున్న నేత ఊళ్ళు. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల విభజనలో పోచంపల్లి యాదాద్రి భువనగిరికి, గద్వాల జోగులాంబ గద్వాలకు చేరాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో జిల్లా అయింది. సరుకు ఉంది, పేరు ఉంది, ఫోను ఇంటింటా ఉంది. వీటిని కలిపే చదువు ఎక్కడ దొరుకుతుందన్నది ప్రశ్న.

దూరవిద్యకు తెలుగునాట పాత చరిత్రే ఉంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో మొదలైంది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. పని చేసుకుంటూ డిగ్రీ చదివే వీలు పల్లెలకు అక్కడి నుంచే వచ్చింది. పోచంపల్లికి దగ్గర్లోని జలాల్‌పూర్‌లో స్వామి రామానందతీర్థ గ్రామీణ సంస్థ 1990ల నుంచి గ్రామీణ యువతకు కంప్యూటర్, ఎలక్ట్రికల్, కుట్టుపని వంటి వృత్తి శిక్షణలు ఇస్తోంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు జిల్లాకొకటి చొప్పున ఉండాలన్నది 2009 నాటి కేంద్ర పథకం. దానికి నమూనా 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల సంస్థలు, బ్యాంకులు కలిసి పెట్టిన రుడ్‌సెటి. 2017లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ 20 గంటల పాఠంతో ఇంటికొకరికి ఫోను, కంప్యూటరు, ఇంటర్నెట్ వాడకం నేర్పాలనుకుంది. తెలంగాణ ప్రభుత్వ టీశాట్ ఛానళ్ళు ఉపగ్రహం ద్వారా తెలుగులో పాఠాలు ప్రసారం చేస్తాయి. 2023 మేలో మహబూబ్‌నగర్ శివారు దివిటిపల్లిలో, అదే ఏడాది అక్టోబరులో నల్గొండలో ఐటీ టవర్లు తెరిచారు.

వీటిలో చాలావాటి చూపు ఉద్యోగం వైపే. అభ్యర్థిని తయారుచేసి కంపెనీకి అప్పజెప్పడం వాటి కొలమానం. ఊళ్ళోనే ఉండి సరుకు అమ్ముకోవాలనుకునే నలభై ఏళ్ళ నేతగాడికీ, మహిళా సంఘం సభ్యురాలికీ ఆ కొలమానం సరిపోదు. 20 గంటల పాఠం మెయిల్ పంపడం, డబ్బు కట్టడం నేర్పుతుంది. డబ్బు పుచ్చుకునే వైపు నిలబడటానికి కావలసింది వేరే పాఠం.

అసలు వ్యాపారం చేసే గుణం శిక్షణతో వస్తుందా? ఈ ప్రశ్నకు ప్రపంచంలోనే పేరుపడ్డ ప్రయోగం ఒకటి తెలుగునేల మీదే జరిగింది. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడకు చెందిన 52 మంది వ్యాపారులను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి కొద్ది రోజులు శిక్షణ ఇప్పించాడు. ఆ సంస్థే ఇప్పుడు యూసుఫ్‌గూడలోని నిమ్స్‌మె. పాఠమంతా లక్ష్యం పెట్టుకోవడం, మరీ సులువూ మరీ అసాధ్యమూ కాని పందెం ఎంచుకోవడం, చేసిన పని ఫలితాన్ని తానే కొలుచుకోవడం మీద నడిచింది. తర్వాతి రెండేళ్ళలో శిక్షణ పొందినవారు, పొందనివారికన్నా ఎక్కువగా వ్యాపారం పెంచారనీ, కొత్త పనులు మొదలుపెట్టారనీ మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో పుస్తకంగా ప్రచురించారు. కాకినాడ వ్యాపారులకు అప్పటికే దుకాణం, పెట్టుబడి, ఖాతాదారులు ఉన్నారన్నది మాత్రం మరచిపోరాదు. శిక్షణ ఉన్నదాన్ని కదిలించింది, లేనిదాన్ని పుట్టించలేదు. పోచంపల్లి మగ్గాల మీద కూర్చునేవారిలో ఎక్కువమంది కూలికి నేసేవాళ్ళు. నూలు, పట్టు, రంగు నేయించే మాస్టర్ వీవరువి, చీర కూడా అతనిదే. తనది కాని చీరను ఎవరూ ఆన్‌లైన్‌లో అమ్ముకోలేరు. కాబట్టి వెబ్ చదువు మొదట అందివచ్చేది సొంత సరుకు ఉన్న మాస్టర్ వీవర్లకు, సహకార సంఘాలకు, చదువుకొని తిరిగొచ్చిన వాళ్ళ పిల్లలకు. కూలి నేతగాడికి అది అందాలంటే ముందు సరుకు మీద హక్కో, చిన్న పెట్టుబడో ఉండాలి. ఈ సంగతి చెప్పకుండా మొదలుపెట్టే కోర్సు సగం మందికి వృథా.

ఇక పాఠం సంగతి. కొనేవారు ఫోనులో వెబ్ చిరునామా నొక్కినప్పుడు బ్రౌజరు మొదట డీఎన్‌ఎస్ అనే చిరునామాల పట్టికను అడుగుతుంది. ఆ పేరుకు తగిన అంకెల చిరునామా తెలుసుకొని, ఎక్కడో ఉన్న సర్వరుకు కబురు పంపుతుంది. సర్వరు పంపే హెచ్‌టీఎంఎల్ ఫైలు పేజీలో ఏమేమి ఉన్నాయో చెబుతుంది, సీఎస్‌ఎస్ వాటి రూపం చెబుతుంది, జావాస్క్రిప్ట్ నొక్కితే ఏం జరగాలో చెబుతుంది. టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించిన వెబ్‌ను సెర్న్ పరిశోధన సంస్థ 1993 ఏప్రిల్‌లో అందరికీ ఉచితం చేసింది. భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా వచ్చింది. పల్లెల దాకా కేబుల్ రావడం తర్వాతి కథ. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ తీగలు వేసే పద్ధతి పెట్టారు. 

చిన్న అమ్మకందారుకు మూడు దారులున్నాయి. సొంత వెబ్‌సైటు పెడితే పేరు, ఖాతాదారుల జాబితా తన చేతిలో ఉంటాయి, కానీ కొనేవారిని తానే వెతుక్కోవాలి. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటి వేదికల మీద జనం ఉంటారు, కమిషనూ ఉంటుంది. అమెజాన్ కారిగర్, ఫ్లిప్‌కార్ట్ సమర్థ్ చేతివృత్తులవారి కోసమే పెట్టిన విభాగాలు. మూడోది వాట్సాప్. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌కు మరుసటి ఏడాది కేటలాగు చేరడంతో నేత ఊళ్ళలో ఎక్కువమందికి మొదటి ఆన్‌లైన్ దుకాణం అదే అయింది. 2020 కొవిడ్ కాలంలో దుకాణాలు మూతపడి చీరలు ఇళ్ళల్లో పేరుకుపోయినప్పుడు ఆ అలవాటు మరింత బలపడింది. దాదాపు ఆ రోజుల్లోనే నారాయణపేట జిల్లా యంత్రాంగం మహిళా సంఘాలు చేసే నేత వస్తువులకు ఆరుణ్య పేరుతో ఒక బ్రాండు కట్టింది. విడివిడిగా ఎవరికీ లేని కంప్యూటరు, ఫోటోగ్రాఫరు, ఖాతా పుస్తకం సంఘానికి ఒకటి ఉంటే చాలన్నది ఇలాంటి ప్రయత్నాల వెనక ఉన్న ఆలోచన. అందరూ అన్నీ నేర్చుకోనక్కర్లేదు, ఊరికి ఇద్దరు బాగా నేర్చుకుంటే నడుస్తుంది.

ఆ ఇద్దరు అన్నిటికన్నా శ్రద్ధగా నేర్వవలసింది ఫోటో. చీర పట్టి చూసే వీలు లేని కొనుగోలుదారుకు ఫోటోనే సరుకు. పోచంపల్లి ఇక్కత్‌లో నూలును ఆసు అనే మేకుల చట్రం మీద పోసి, గీసిన లెక్క ప్రకారం చిటికి (ముడులు) కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాతే నేస్తారు. అందువల్ల బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. రంగు నూలులోనే ఉంటుంది కాబట్టి గుడ్డ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. అచ్చు వేసిన నకిలీలో అంచు కత్తితో కోసినట్టు ఉండి, వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. అయినా తెర మీద చిన్న బొమ్మగా చూసినప్పుడు అసలుకూ అచ్చుకూ తేడా తెలియదు. వెనకవైపు మడిచి తీసిన ఒక ఫోటో, అంచు దగ్గరగా తీసిన మరో ఫోటో పెడితే ఆ తేడా కంటికి కనిపిస్తుంది. గుర్తింపు పత్రం బొమ్మకన్నా ఈ రెండు ఫోటోలే ఎక్కువ నమ్మకం కలిగిస్తాయి.

ఫోటోను చిన్నది చేసే జేపెగ్ పద్ధతి ఇక్కడ ఒక చిక్కు తెస్తుంది. అది బొమ్మను 8×8 చుక్కల గడులుగా విడగొట్టి, కంటికి అంతగా ఆనని సన్నని వివరాలను వదిలేస్తుంది. వెలుగు తేడాలను కన్ను సూక్ష్మంగా పట్టుకుంటుంది, రంగు తేడాలను అంతగా పట్టుకోదు. అందుకని జేపెగ్ రంగు వివరాన్ని మరీ ఎక్కువగా కుదిస్తుంది. మామూలు దృశ్యాల్లో ఇది తెలియదు. ముదురు నేల మీద సన్నటి ఎర్ర గీతలున్న తేలియా రుమాలులో మాత్రం గీతలు మసకబారి ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో మరోసారి కుదించుకుపోతుంది, అదే ఫైలును డాక్యుమెంటుగా పంపితే అసలు రూపంలోనే చేరుతుంది. అలాగని ఫోన్ తీసిన పెద్ద ఫైలునే సైటులో పెట్టకూడదు. సెకనుకు 2 మెగాబిట్ల వేగమున్న చోట 4 మెగాబైట్ల ఫోటో తెరుచుకోవడానికి 16 సెకన్లు పడుతుంది. 200 కిలోబైట్లకు కుదిస్తే ఒక్క సెకను కూడా పట్టదు. పేజీకి చిన్న ఫోటో, అంచు వివరం కోసం నొక్కితే తెరుచుకునే పెద్ద ఫోటో, ఇదీ పద్ధతి.

నారాయణపేట చీరలది మరో ఇబ్బంది. వాటి సన్న గళ్ళ దూరమూ, కెమెరా సెన్సరు మీది చుక్కల దూరమూ దగ్గరదగ్గరగా పడినప్పుడు చీరలో లేని అలలు, వంపు గీతలు ఫోటోలో పుట్టుకొస్తాయి. దోమతెర మీద మరో దోమతెర వేసి చూస్తే కనిపించే అలల్లాంటివే ఇవి. దీన్ని మోయిరే అంటారు. కెమెరాను కాస్త దగ్గరికో దూరానికో జరిపినా, కోణం మార్చినా పోతుంది. పూర్తయిన ఫోటోను అడ్డదిడ్డంగా చిన్నది చేసినప్పుడు మళ్ళీ రావచ్చు.

గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు, కొంగు పట్టు. పట్టులో పడుగు ఒక రంగు, పేక మరో రంగు వేస్తే చూసే కోణాన్ని బట్టి మారే నెమలి కంఠం రంగు వస్తుంది. ఒక్క ఫోటోలో అది ఒక రంగుగానే పడుతుంది. చేతిలో చీరను మెల్లగా తిప్పుతూ తీసిన పది సెకన్ల వీడియో ఆ పని చేస్తుంది. తెల్లదనం సర్దుబాటూ ముఖ్యమే. పసుపు బల్బు కింద తీస్తే మెరూన్ ఇటుక రంగుకు జారుతుంది, నీడలో తీస్తే నీలం తొణుకుతుంది. పక్కన తెల్ల కాగితం పెట్టి, ఉదయం పూట నేరుగా ఎండ పడని వసారాలో తీస్తే చాలావరకు సరిపోతుంది. ఎంత జాగ్రత్తపడ్డా తెరల తేడా మిగులుతుంది. ఎక్కువ తెరలు అనుసరించే ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణంలో కొన్ని గాఢమైన పచ్చ, నీలి ఛాయలు అసలు ఇమడవు. ఆ మాట వివరణలో రెండు ముక్కల్లో రాస్తే తిరిగొచ్చే చీరలు తగ్గుతాయి.

తిరిగి రావడమంటే నష్టం ఎంతో లెక్క వేసి చూడాలి. ఉదాహరణకు పన్నుతో కలిపి 6,000 రూపాయలకు అమ్మిన చీర తీసుకుందాం. వేదిక కమిషను 12 శాతం అనుకుంటే 720, దాని మీద 18 శాతం జీఎస్‌టీ దాదాపు 130, ప్యాకింగు, రవాణా 180. చీర ధరలో ఇమిడి ఉన్న 5 శాతం జీఎస్‌టీ సుమారు 286. చేతికి మిగిలేది దాదాపు 4,684. నూలు, రంగు, కూలి కలిపి 4,200 పడితే మిగులు 484 రూపాయలు. పది చీరల్లో రెండు తిరిగొస్తే, రెండు దారుల రవాణాకు చీరకు 360 చొప్పున 720 పోతుంది. ఎనిమిది చీరల మిగులు 3,872లో అది తీసేస్తే 3,152. మడత చెదిరిన చీర ధర తగ్గడం ఇందులో చేరలేదు. ఈ అంకెలు వేదికను, సరుకును బట్టి మారతాయి. లెక్క వేసే తీరు మారదు. శిక్షణల్లో దీనికి దక్కే సమయం ఫేసుబుక్ పేజీ పెట్టడానికి దక్కే సమయంకన్నా తక్కువ కావడం విచిత్రమే.

పన్ను నియమాలు ఈ చదువు ఎందుకు ముగియదో చూపిస్తాయి. 2017లో జీఎస్‌టీ వచ్చినప్పుడు, ఆన్‌లైన్ వేదికల మీద సరుకు అమ్మేవారు టర్నోవరు ఎంత చిన్నదైనా రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సి వచ్చింది. 2023 అక్టోబరు 1 నుంచి, పరిమితి లోపు టర్నోవరుతో సొంత రాష్ట్రంలోనే అమ్మేవారికి షరతులతో ఆ బెడద తప్పింది. ఆ పరిమితి సరుకులకు చాలా రాష్ట్రాల్లో 40 లక్షలైతే తెలంగాణలో 20 లక్షలే. అంటే పక్కనున్న కర్నూలు అమ్మకందారుకు వర్తించే లెక్క గద్వాల అమ్మకందారుకు వర్తించదు. రిజిస్టరైన అమ్మకందారుల సొమ్ములోంచి వేదికలు ముందుగా పట్టుకునే పన్ను 2018లో 1 శాతంగా మొదలై 2024 జులైలో అర శాతానికి తగ్గింది. అది ఖాతాలో జమయ్యే సొమ్మే. రిటర్ను వేయనివారికి మాత్రం అక్కడే ఆగిపోతుంది.

చెల్లింపుల్లో మోసాల పాఠం చిన్నదే, కానీ తప్పనిసరి. 2016లో వచ్చిన యూపీఐలో డబ్బు పంపేవారికే పిన్ను కావాలి, పుచ్చుకునేవారికి అక్కర్లేదు. చీర కొంటానని ఫోన్ చేసి, డబ్బు అందాలంటే ఈ కోడు స్కాన్ చేసి పిన్ను కొట్టమనేవాడు కొనడానికి రాలేదని తెలుసుకోవాలి. చెల్లింపు జరిగినట్టు చూపే స్క్రీన్‌షాటు రుజువు కాదు, ఖాతాలో పడితేనే పడ్డట్టు.

పెద్దవాళ్ళు నేర్చుకునే తీరు పిల్లల తీరు కాదు. మగ్గం ఆగితే ఆ రోజు కూలి పోతుంది, కాబట్టి నెల రోజుల వసతి శిక్షణకన్నా సాయంత్రం గంట పాఠం నేత ఇంటికి కుదురుతుంది. ఎదురుగా ఉన్న చిక్కే పాఠమైతే వయసు అడ్డురాదు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేశారు. ఆసు పోయడానికి చీరకు వేలసార్లు చేయి ఆడించి భుజం నొప్పితో బాధపడే తల్లి కోసం, యంత్రాల పని తనంతట తాను నేర్చుకుంటూ 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తిచేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఎవరూ సిలబస్ ఇవ్వని చదువు అది. అయితే ప్రతి ఊరూ ఒక మల్లేశం కోసం చూస్తూ కూర్చోలేదు. కేంద్ర జౌళి శాఖ 2016లో జాతీయ సార్వత్రిక పాఠశాల సంస్థ, ఇగ్నోలతో ఒప్పందాలు చేసుకొని నేత కుటుంబాలకు ఫీజు రాయితీతో చదువు కొనసాగించే దారి పెట్టింది. డిగ్రీ కావలసినవారికి అది ఉపయోగం. దుకాణం నడిపేవారికి కావలసింది ఆరు నెలలకోసారి తిరిగొచ్చి, మారిన సంగతి ఒక్కటి నేర్చుకుపోయే తరగతి.

అలాంటి తరగతిలో ఇప్పుడు కొత్తగా చేరవలసిన అంశం కృత్రిమ మేధ. ఫోన్లు, అమ్మకపు యాప్‌లు ఫోటోను వాటంతట అవే మెరుగుపరుస్తున్నాయి. నేల మీద పరిచిన చీరను మోడల్ ఒంటి మీద కట్టినట్టు చూపిస్తున్నాయి. ఇక్కత్ చెదురు అంచును ఈ సాధనాలు మసకగా పడ్డ తప్పు అనుకొని నున్నగా దిద్దేస్తాయి, కొంగులో లేని పువ్వును కల్పిస్తాయి. ఫోటో అందంగా వస్తుంది. కానీ అందులో కనిపించేది అచ్చు గుడ్డ, ఇంటికి చేరేది ఇక్కత్. చీర తిరిగొచ్చినప్పుడు నష్టం అమ్మినవారిదే. కాబట్టి ఆ మెరుగులు ఎక్కడ ఆపాలో, వెనుక తెర మార్చే సాధనాన్ని చీర మీదికి పాకకుండా ఎలా వాడాలో, అసలు ఫోటోను విడిగా ఎలా దాచుకోవాలో నేర్పాలి. కల్పిత బొమ్మ వాడితే వివరణలో ఆ మాట రాసి, పక్కనే వసారాలో తీసిన మామూలు ఫోటో పెట్టాలి.